ఇంట్లో ఇచ్చిన మాట, రిజిస్టర్‌లో ఉన్న పేరు: సరస్వతీ పవర్ వివాదం కుటుంబ కంపెనీలకు ఏం చెబుతోంది?

ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి వైఎస్ జగన్మోహన్ రెడ్డి 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌ను, అంటే ఎన్‌సీఎల్‌టీని ఆశ్రయించారు. ప్రతివాదుల్లో ఆయన తల్లి విజయమ్మ, చెల్లెలు షర్మిల ఉన్నారు. వివాదం సరస్వతీ పవర్ అండ్ ఇండస్ట్రీస్ ప్రైవేట్ లిమిటెడ్ అనే కంపెనీ షేర్ల గురించి.

సంగతి ఆ ఏడాది అక్టోబరులో బయటకు వచ్చింది. అప్పటి నుంచి తెలుగు రాష్ట్రాల్లో చర్చంతా అన్నాచెల్లెళ్ల మధ్య బంధం, ఎవరు ఎవరిని మోసం చేశారు, ఎవరి వెనుక ఏ పార్టీ ఉంది అన్న చుట్టూనే తిరిగింది. ట్రైబ్యునల్ ముందు ఉన్న ప్రశ్న మాత్రం వీటిలో ఏదీ కాదు. కంపెనీ సభ్యుల రిజిస్టర్‌లో పేర్లు చట్టప్రకారం మారాయా, లేదా అన్నదే అక్కడి ప్రశ్న.

ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరం వైఎస్ కుటుంబానికే పరిమితమైనది కాదు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు, బావామరుదులు కలిసి పెట్టుకున్న ప్రతి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలోనూ అది ఉంటుంది. గొడవ వచ్చేదాకా కనిపించదు, అంతే.

అసలు వివాదం ఏమిటి?

ముఖ్యమంత్రిగా ఉన్న వైఎస్ రాజశేఖర రెడ్డి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. పదేళ్ల తర్వాత జగన్ ముఖ్యమంత్రి అయిన ఏడాదే, 2019 ఆగస్టు 31న, అన్నాచెల్లెళ్ల మధ్య ఒక అవగాహన ఒప్పందం కుదిరింది. అదే ఎంఓయూ.

ఆ పత్రానికి ఇద్దరూ చెప్పే అర్థాలు వేరు. తండ్రి తన ఆస్తులను బతికి ఉండగానే పంచేశారని, తర్వాత సంపాదించినవి తనవేనని, చెల్లెలిపై ఉన్న ప్రేమాభిమానాలతోనే కొన్ని ఆస్తులు ఇవ్వాలనుకున్నానని జగన్ అంటున్నారు. కేసులు తేలాక బదిలీ చేయాలన్నది ఉద్దేశమని, ఆమె తీరు వల్ల ఆ ప్రేమ ఇప్పుడు మిగల్లేదని, కాబట్టి ఒప్పందాన్ని వెనక్కి తీసుకుంటున్నానని 2024 ఆగస్టు 27 నాటి లేఖలో చెప్పారు.

షర్మిల వాదన దీనికి పూర్తిగా భిన్నం. అవి కుటుంబ ఆస్తులని, నలుగురు మనవలు, మనవరాళ్లకు సమానంగా చెందాలన్నది తండ్రి ఆజ్ఞ అని, అన్న చేసింది దానం కాదని, తన హక్కులో కొంత భాగం ఇవ్వడానికి ఒప్పుకోవడమేనని ఆమె చెప్పారు. సరస్వతీ పవర్‌లో నూరు శాతం వాటా తనకు ఇస్తామన్నది ఆ ఒప్పందంలో భాగమేనన్నది ఆమె మాట. విజయమ్మ కూడా 2024 అక్టోబరు చివర్లో బహిరంగ లేఖ రాసి, ఆస్తులు నలుగురు పిల్లలకూ సమానంగా చెందాలన్న మాట నిజమేనని కూతురి వాదనను సమర్థించారు.

మధ్యలో ఇంకో మలుపు ఉంది. జగన్, ఆయన భార్య భారతి 2021లో సరస్వతీ పవర్‌లోని తమ షేర్లకు సంబంధించి విజయమ్మ పేరున గిఫ్ట్ డీడ్ రాశారు. 2024 జులైలో, అంటే ఎన్నికల్లో జగన్ అధికారం కోల్పోయిన నెల తర్వాత, ఆ షేర్లు కంపెనీ రికార్డుల్లో విజయమ్మ పేరు మీదకు మారాయి. తమకు తెలియకుండా, తమ సంతకంతో కూడిన బదిలీ పత్రాలు లేకుండా ఇది జరిగిందని జగన్, భారతి, వారికి చెందిన క్లాసిక్ రియాల్టీ సంస్థ ట్రైబ్యునల్‌కు వెళ్లారు.

జగన్ పక్షం మరో వాదన కూడా తెచ్చింది. కంపెనీ ఆస్తులను ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 2016లో జప్తు చేసిందని, అవి కోర్టు పరిధిలో ఉండగా షేర్లు చేతులు మారితే తన బెయిలుకే ముప్పు వస్తుందని జగన్ అన్నారు. ఈడీ జప్తు చేసింది కంపెనీ భూమినే తప్ప షేర్లను కాదని, షేర్ల బదిలీకి అడ్డేమీ లేదని షర్మిల బదులిచ్చారు.

2025 జులై 29న ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచ్ జగన్ పక్షానికి అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చింది. దీన్ని సవాలు చేస్తూ విజయమ్మ చెన్నైలోని అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లారు.

గిఫ్ట్ డీడ్ రాసిచ్చాక ఇంకేం మిగిలింది?

చాలామందికి వచ్చే సందేహం ఇదే. కొడుకు తల్లికి రాసిచ్చాడు, ఆ కాగితం ఉంది, మరి షేర్లు తల్లివి కావా?

ఇక్కడ చట్టం రెండు సంబంధాలను విడివిడిగా చూస్తుంది. ఒకటి ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ మధ్య ఉన్నది. రెండోది వాటాదారుకూ కంపెనీకీ మధ్య ఉన్నది. మొదటిదాన్ని ఆస్తి బదిలీ చట్టం చూస్తే, రెండోదాన్ని కంపెనీల చట్టం చూస్తుంది.

కంపెనీల చట్టం 2013లోని 56వ సెక్షన్ ప్రకారం, షేర్ల బదిలీని కంపెనీ నమోదు చేయాలంటే ఎస్‌హెచ్-4 అనే బదిలీ ఫారం ఉండాలి. దానిపై ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఇద్దరూ సంతకం చేయాలి. స్టాంపు డ్యూటీ కట్టాలి. సంతకాలైన 60 రోజుల్లోపు షేర్ సర్టిఫికెట్‌తో సహా కంపెనీకి అందజేయాలి. పాత చట్టంలోని ఇలాంటి నిబంధన తప్పనిసరిగా పాటించాల్సిందేనని, పాటించకపోతే బదిలీ చెల్లదని 1976లో మన్నాలాల్ ఖేతాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

దీనికి రెండేళ్ల ముందే, 1974లో, వాసుదేవ్ రామచంద్ర షేలత్ కేసులో అదే కోర్టు మరో కోణం చూపింది. ఒక మహిళ తన బంధువుకు రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో షేర్లు ఇచ్చారు. ఖాళీ బదిలీ ఫారాలపై సంతకాలు కూడా చేశారు. కంపెనీ రికార్డుల్లో పేరు మారకముందే ఆమె చనిపోయారు. అయినా ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ మధ్య ఆ దానం చెల్లుతుందని కోర్టు తేల్చింది.

ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెడితే విషయం అర్థమవుతుంది. ఇంట్లో ఒకరికి హక్కు పుట్టవచ్చు. అయినా కంపెనీ పుస్తకంలో వారి పేరు ఎక్కకపోవచ్చు. పేరు ఎక్కకపోతే ఓటు లేదు, డివిడెండ్ లేదు, డైరెక్టర్లను మార్చే బలం లేదు. షేలత్ కేసులోని మహిళ ఫారాలపై ముందే సంతకం చేసి ఉంచడమే ఆ బంధువుకు కలిసొచ్చింది. ఫారం లేకుండా డీడ్ ఒక్కటే ఉంటే దారి కఠినమవుతుంది.

మరో పరిమితి కూడా ఉంది. పేరు తప్పుగా చేర్చారనో తీసేశారనో 59వ సెక్షన్ కింద ట్రైబ్యునల్‌కు వెళితే, అక్కడ జరిగేది సంక్షిప్త విచారణ. యాజమాన్య హక్కుపైనే లోతైన వివాదం ఉంటే దాన్ని తేల్చే వేదిక అది కాదని సుప్రీంకోర్టు 1998లో అమ్మోనియా సప్లైస్ కేసులో చెప్పింది. 2023 జనవరిలో ఐఎఫ్‌బీ ఆగ్రో కేసులో అదే ధోరణిని నిలబెట్టింది. అంటే రిజిస్టర్ కేసులో గెలిచినవారు ఆస్తి కేసులో కూడా గెలిచినట్టు కాదు. ఓడినవారు తమ హక్కును శాశ్వతంగా పోగొట్టుకున్నట్టూ కాదు. రాజశేఖర రెడ్డి ఏం కోరుకున్నారన్న ప్రశ్నకు సమాధానం ఈ సెక్షన్ కింద దొరకదు.

కుటుంబ ఒప్పందం కంపెనీని కట్టిపడేస్తుందా?

కుటుంబ ఒప్పందాలంటే మన కోర్టులకు గౌరవం ఉంది. తగాదాలు తీర్చి ఇంట్లో శాంతి తెచ్చే ఒప్పందాలను చిన్నచిన్న సాంకేతిక లోపాలు చూపి కొట్టేయకూడదని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ కుటుంబ పంపకాల కేసుల్లో వకీళ్లు మొదట ఎత్తే పేరు అదే.

అయితే పంచుకునేది పొలమో ఇల్లో అయితే ఒక లెక్క. కంపెనీ షేర్లయితే ఇంకో లెక్క. పొలానికి యజమాని మనిషి. కంపెనీ ఆస్తికి యజమాని కంపెనీయే. అన్నదమ్ములిద్దరి దగ్గరే నూరు శాతం షేర్లున్నా, కంపెనీ పేరున ఉన్న గోడౌను వారిది కాదు, కంపెనీది. ఇంట్లో కూర్చుని ఆ గోడౌను నీకు, ఈ లారీలు నాకు అని రాసుకున్న కాగితం కంపెనీని కట్టిపడేయదు.

ఈ సూత్రాన్ని తేల్చిచెప్పిన కేసు వి.బి. రంగరాజ్ వర్సెస్ వి.బి. గోపాలకృష్ణన్. ఒక చిన్న కుటుంబ కంపెనీ. మొత్తం 50 షేర్లు, రెండు శాఖలకు చెరో 25. ఒక శాఖలో ఎవరైనా అమ్మాలనుకుంటే ముందు ఆ శాఖలోని వారికే ఇవ్వాలని నోటిమాట అనుకున్నారు. ఒకరు ఆ మాట తప్పి రెండో శాఖవారికి అమ్మేశారు. కింది కోర్టులు ఒప్పందాన్ని సమర్థించాయి. 1991 నవంబరులో సుప్రీంకోర్టు వాటిని తోసిపుచ్చింది. ఆ షరతు కంపెనీ నియమావళిలో, అంటే ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లో లేదు కాబట్టి అది కంపెనీని గానీ వాటాదారులను గానీ కట్టడి చేయదని చెప్పింది.

ఇదే పాఠం దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత దేశంలోనే పెద్ద కుటుంబానికి ఎదురైంది. ధీరూభాయ్ అంబానీ వీలునామా రాయకుండా 2002లో చనిపోయారు. 2005లో తల్లి కోకిలాబెన్ మధ్యవర్తిత్వంతో ముకేశ్, అనిల్ వ్యాపారాలు పంచుకున్నారు. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్‌ను తమ్ముడి సంస్థకు 17 ఏళ్లపాటు యూనిట్ 2.34 డాలర్లకు ఇవ్వాలన్నది ఆ పంపకంలో భాగం. తర్వాత అన్నదమ్ములు ధరపై కోర్టుకెక్కారు. 2010 మే 7న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పులో, తల్లి, ఇద్దరు కొడుకుల మధ్య కుదిరిన ఒప్పందం లక్షలాది వాటాదారులున్న కంపెనీని కట్టిపడేయదని చెప్పింది. గ్యాస్‌పై, దాని ధరపై ప్రభుత్వ విధానానిదే పైచేయి అని తేల్చింది.

తూర్పు గోదావరి తీరంలోని గ్యాస్ విషయంలో అమ్మ మాట చెల్లనప్పుడు, పల్నాడులోని సున్నపురాయి భూముల విషయంలో ఎంఓయూ దానంతట అదే చెల్లుతుందని అనుకోలేం. దాన్ని కంపెనీ చట్టం అడిగే రూపంలోకి మార్చాల్సి ఉంటుంది.

కూతురి వాటా ఎక్కడ ఆగిపోతోంది?

ఆడపిల్లల ఆస్తి హక్కు విషయంలో తెలుగువారికి ఒక చరిత్ర ఉంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ ద్వారా 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకు పుట్టుకతోనే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. కేంద్రం ఆ పని చేయడానికి మరో ఇరవై ఏళ్లు, అంటే 2005 దాకా పట్టింది. తండ్రి బతికి ఉన్నారా, లేరా అన్నదానితో సంబంధం లేకుండా ఆ హక్కు వర్తిస్తుందని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ చట్టాలన్నీ ఉమ్మడి కుటుంబ ఆస్తికి వర్తిస్తాయి. కుటుంబ వ్యాపారాన్ని ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చి షేర్లు తండ్రి, కొడుకుల సొంత పేర్ల మీద తీసుకున్నాక, అది తాతల నాటి ఉమ్మడి ఆస్తి అని కూతురు నిరూపించడం కష్టమవుతుంది. తండ్రి సొంత షేర్లలో ఆమెకు వచ్చేది వారసత్వ వాటాయే. అదీ ఆయన వీలునామా రాయకుండా పోతేనే. కంపెనీ పెట్టిన రోజున ఎవరి పేరున ఎన్ని షేర్లు రాశారన్నదే చాలా ఇళ్లలో అసలు పంపకం. పెళ్లయి వెళ్లిపోతుందన్న లెక్కతో ఆడపిల్లకు ఆ రోజున చోటుండదు.

వాటా ఉన్నా అధికారం రాకపోవచ్చు. చెన్నైకి చెందిన మురుగప్ప గ్రూపులో ఎం.వి. మురుగప్పన్ 2017లో మరణించారు. ఆయనకు కొడుకులు లేరు. గ్రూపు హోల్డింగ్ సంస్థ అంబాడి ఇన్వెస్ట్‌మెంట్స్‌లో ఆయన భార్య, ఇద్దరు కూతుళ్లకు దాదాపు 8 శాతం వాటా ఉంది. పెద్ద కూతురు వల్లి అరుణాచలం బోర్డులో చోటు కోరారు. 2020 సెప్టెంబరులో మిగతా వాటాదారులు ఓటు వేసి కాదన్నారు. ఆడవాళ్లమనే పక్కనపెట్టారని ఆమె బహిరంగంగానే అన్నారు. చివరికి 2023 ఆగస్టులో కుటుంబం రాజీకి వచ్చింది.

నామినీ పేరు రాశాం కదా, సరిపోతుందిలే అనుకునేవారు ఇంకొందరు. 2023 డిసెంబరులో శక్తి యెజ్దాని కేసులో సుప్రీంకోర్టు ఆ భ్రమ తొలగించింది. షేర్లకు నామినీగా ఉన్నంత మాత్రాన యజమాని కారని, వారసత్వ చట్టమో వీలునామాయో చెప్పినవారికే అవి చెందుతాయని తేల్చింది. తమ్ముడిని నామినీగా పెట్టిన అన్న చనిపోతే, తమ్ముడు ఆ షేర్లను వదిన, పిల్లల తరఫున పట్టుకుని ఉన్నట్టే.

మస్తూరీలో ఒక కుటుంబం అనుకుందాం

పెద్ద కుటుంబాలకు ఢిల్లీ నుంచి వకీళ్లు వస్తారు. చిన్న కంపెనీ సంగతేమిటి? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్. రైల్వే ఉద్యోగంలో మొదలైన తరం తర్వాత పిల్లలు కాంట్రాక్టులు, రవాణా, వ్యాపారాల్లోకి దిగడం అలాంటి ఊళ్లలో మామూలే. ఆ జిల్లాలోని మస్తూరీలో ఒక కుటుంబం లారీల కంపెనీ పెట్టిందని ఊహించుకుని లెక్క వేద్దాం.

తండ్రికి 40 శాతం, ఇద్దరు కొడుకులకు 25 శాతం చొప్పున, కూతురికి 10 శాతం వాటా ఉంది. తండ్రి వీలునామా లేకుండా పోయారు. నాన్నమ్మ లేదనుకుందాం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన 40 శాతం భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు నలుగురికీ సమానంగా, తలా 10 శాతం వస్తుంది. ఇప్పుడు కొడుకులిద్దరికీ కలిపి 70 శాతం. తల్లీకూతుళ్లకు కలిపి 30 శాతం.

రోజువారీ నిర్ణయాలకు, డైరెక్టర్‌ను తీసేయడానికి సగానికి మించిన ఓట్లు చాలు. కాబట్టి కొడుకులు తల్చుకుంటే తల్లిని బోర్డు నుంచి తప్పించగలరు. కానీ నియమావళి మార్చాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి. పోలైన ఓట్లలో 75 శాతం ఉండాలి. తల్లీకూతుళ్లు సమావేశానికి వచ్చి ఓటు వేస్తే కొడుకులు అది చేయలేరు. 30 శాతానికి ఉన్న బలం అదే.

అయితే ఈ బలం రావాలంటే తండ్రి షేర్లలో వచ్చిన వాటాకు రిజిస్టర్‌లో పేర్లు ఎక్కాలి. కొత్త పేర్లు ఎక్కించాల్సిన బోర్డులో ఉన్నది కొడుకులే. పేరు ఎక్కించబోమని ప్రైవేట్ కంపెనీ అంటే కారణాలతో 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 30 రోజుల్లోపు, అసలు జవాబే రాకపోతే కాగితాలు ఇచ్చిన నాటి నుంచి 60 రోజుల్లోపు ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలి. ఇంట్లో దుఃఖం తగ్గకముందే, పెద్దమనుషులు సర్ది చెబుతుండగానే ఈ గడువులు దాటిపోతాయి.

ఎక్కడికి వెళ్లాలన్నది మరో చిక్కు. ఛత్తీస్‌గఢ్ కంపెనీల రిజిస్ట్రార్ కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉంది. రాష్ట్ర హైకోర్టు కూడా అక్కడే ఉంది. కానీ ఎన్‌సీఎల్‌టీ తేల్చాల్సిన విషయాల్లో సివిల్ కోర్టులకు అధికారం లేదని 430వ సెక్షన్ అంటోంది. ఛత్తీస్‌గఢ్ కంపెనీల కేసులు చూసేది ఒడిశాలోని కటక్ బెంచ్. అక్కడ ఓడితే అప్పీలు ఢిల్లీలో. తెలంగాణ కంపెనీ అయితే హైదరాబాద్ బెంచ్, ఆంధ్రప్రదేశ్ కంపెనీ అయితే అమరావతి బెంచ్ చూస్తాయి. రెండింటికీ అప్పీలు చెన్నైలో. కళ్లెదుట హైకోర్టు పెట్టుకుని పొరుగు రాష్ట్రానికి వెళ్లాల్సిన తల్లి, ఆ ఖర్చుకు భయపడి ఇచ్చింది తీసుకుని ఊరుకునే అవకాశమే ఎక్కువ.

అన్యాయం జరిగితే దారేమిటి?

మెజారిటీ వాటాదారులు అణచివేస్తున్నారనిపిస్తే 241వ సెక్షన్ కింద పిటిషన్ వేయవచ్చు. అందుకు 244వ సెక్షన్ ప్రకారం షేర్ మూలధనంలో కనీసం పదో వంతు ఉండాలి, లేదా సభ్యుల్లో పదో వంతు మంది, లేదా వందమంది కలిసి రావాలి. నలుగురైదుగురే సభ్యులుండే కుటుంబ కంపెనీలో ఒక్క మనిషి వచ్చినా తలల లెక్క సరిపోతుంది. తగిన కారణం ఉంటే ఈ షరతును ట్రైబ్యునల్ సడలించవచ్చు కూడా.

ట్రైబ్యునల్ చేతిలో పెద్ద అధికారాలే ఉన్నాయి. ఒక పక్షం షేర్లను మరో పక్షం కొనాలని చెప్పవచ్చు. డైరెక్టర్లను తొలగించవచ్చు. అక్రమ బదిలీలను రద్దు చేయవచ్చు. చాలా కుటుంబ కేసులు చివరికి షేర్ల విలువ కట్టి ఒకరిని బయటకు పంపడంతోనే ముగుస్తాయి.

కానీ మనసు కష్టపెట్టిన ప్రతి పనీ చట్టం దృష్టిలో అణచివేత కాదు. పదవి నుంచి తొలగించడం ఒక్కటే అణచివేత కిందకు రాదని టాటా, సైరస్ మిస్త్రీ కేసులో 2021 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. తమ్ముడు ఫోన్ ఎత్తడం లేదు, ఆఫీసు తాళాలు మార్చేశాడు, జీతం ఆపేశాడు అన్న ఫిర్యాదుల వెనుక లెక్కలు, నోటీసులు, తీర్మానాల రూపంలో ఆధారం కావాలి. చిన్న కంపెనీల్లో అవే ఉండవు. బోర్డు సమావేశం జరిగినట్టు ఆడిటర్ రాసిన మినిట్స్‌పై అందరూ పండక్కి కలిసినప్పుడు సంతకాలు పెట్టేస్తారు. గొడవ వచ్చాక ఆ సంతకాలే ఎదురు తిరుగుతాయి.

ముందే ఏం రాసుకోవాలి?

ఈ తీర్పులన్నీ కలిపి చూస్తే, నమ్మకం ఉన్నప్పుడే రాసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఎవరికి ఎంత వాటా, అమ్మాలంటే ముందు ఎవరికి చెప్పాలి, ధర ఎలా కట్టాలి, ఎవరు ఎంతమంది డైరెక్టర్లను పెట్టవచ్చు అన్నవి విడి ఒప్పందంలో ఉంటే చాలదు. వాటిని నియమావళిలోకి ఎక్కించాలి. రంగరాజ్ కేసులో ఓడిన శాఖవారు అప్పట్లో చేయని పని ఇదొక్కటే.

ఇవ్వాలనుకున్నది ఇచ్చేస్తే ఎస్‌హెచ్-4 ఫారం, సర్టిఫికెట్, రిజిస్టర్ మార్పు ఒకేసారి పూర్తి చేయాలి. ఇప్పుడే ఇవ్వకూడదనుకుంటే, ఏ షరతు తీరితే ఇస్తారో స్పష్టంగా రాయాలి. ఇచ్చినట్టూ ఇవ్వనట్టూ మధ్యలో వదిలేసిన కాగితమే కోర్టు మెట్లెక్కిస్తుంది.

చిన్న కంపెనీలు మినహా మిగతా ప్రైవేట్ కంపెనీలు షేర్లను డీమ్యాట్ రూపంలోకి మార్చాలని కేంద్రం నిబంధన తెచ్చింది. గడువు 2025 జూన్ 30తో ముగిసింది. సర్టిఫికెట్ ఎవరి బీరువాలో ఉంది, సంతకం ఎవరిది అన్న తగాదాలు దీనివల్ల కొంత తగ్గుతాయి. అయితే డీమ్యాట్ ఖాతా పాస్‌వర్డ్ ఇంట్లో ఒకరి చేతిలోనే ఉంటే కొత్త తగాదా మొదలవుతుంది.

వీలునామా మరో ముఖ్యమైన పత్రం. పొలాలకు, ఇళ్లకు రాసి షేర్ల సంగతి వదిలేసే పెద్దలు చాలామంది. జీఎంఆర్ గ్రూపు వంటి కొన్ని తెలుగు వ్యాపార కుటుంబాలు ఎవరు ఏ బాధ్యత చూడాలి, వారసులు ఎలా రావాలి అన్నవాటితో కుటుంబ రాజ్యాంగం రాసుకున్నాయి. ఇలాంటి పత్రం కుటుంబాన్ని కలిపి ఉంచడానికి పనికొస్తుంది. కంపెనీపై అమలు కావాలంటే మాత్రం అందులోని ముఖ్యమైన అంశాలు నియమావళిలోనూ ఉండాలి.

రిజిస్టర్‌లో ఎప్పటికీ కనిపించని పేర్లు

సరస్వతీ పవర్ కథలో ఇంకో పక్షం ఉంది. కంపెనీ సిమెంటు ఫ్యాక్టరీ పెడుతుందని, పిల్లలకు ఉద్యోగాలు వస్తాయని నమ్మి భూములిచ్చిన పల్నాడు రైతులు. రాజశేఖర రెడ్డి హయాం నుంచి ఇప్పటిదాకా ఫ్యాక్టరీ రాలేదు. 2024 నవంబరు 5న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మాచవరం మండలంలో ఆ భూములను చూసి వచ్చారు. తర్వాతి నెలలో వేమవరం, పిన్నెల్లి గ్రామాల్లోని 17.69 ఎకరాల అసైన్డ్ భూమిని రాష్ట్ర ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. మిగతా భూమి కేసుల్లో, జప్తులో, కుటుంబ తగాదాలో ఉంది.

ట్రైబ్యునల్‌లో రైతులు కక్షిదారులు కారు. వారు భూమి అమ్మారు, కంపెనీ కొన్నది. చట్టం లెక్కలో వారి పని అక్కడితో ముగిసింది. లారీల కంపెనీలో డ్రైవర్లు, అప్పిచ్చిన బ్యాంకు, సరుకు అరువిచ్చిన వ్యాపారి పరిస్థితీ దాదాపు ఇదే. అన్నదమ్ములు పోట్లాడుకుంటే చెక్కులపై సంతకాలు ఆగుతాయి. తర్వాత జీతాలు, ఆ తర్వాత కాంట్రాక్టులు ఆగుతాయి.

చెన్నైలో ఏ ఉత్తర్వు వచ్చినా దానిపై మళ్లీ చట్టపరమైన అంశాల మీద సుప్రీంకోర్టుకు వెళ్లే వీలుంది. ఆస్తి ఎవరిదన్న పెద్ద ప్రశ్న సివిల్ కోర్టులో ఇంకా మొదలు కావచ్చు. వేమవరంలో పొలం అమ్మిన రైతుకు ఈ వరుసలో ఏ తేదీ కూడా ఫ్యాక్టరీ వచ్చే తేదీ కాదు.